మేఘసందేశము - మిగిలిన నాలుగు నెలలు

మేఘసందేశము విప్రలంభశృంగార కావ్యమనుటలో ఎవరికిని విప్రతిపత్తి లేదు. విప్రలంభమున ఇది ప్రవాసమనియు, ప్రవాసములలో శాపహేతుకమనియు పెద్దలు నిర్ణయించినారు. ధనంజయుడు దశరూపకమున ప్రవాసమునకు కార్యము, సంభ్రమము, శాపము అని మూడు హేతువులు చెప్పగా, మన తరగతి గదులలో యక్షుడు మూడవదానికి ఉదాహరణముగా నిలిచిపోయినాడు. విద్యార్థి ఈ మూడు మాటలు వ్రాసి మార్కులు తెచ్చుకొనును, మనమును సంతోషింతుము. కాని హేతువును బట్టి చేసిన ఈ విభాగము ప్రవాసి యెందులకు వెడలెనో చెప్పును గాని, ఎప్పుడు మరలునో అడుగదు. తిరిగి వచ్చుట యున్నదో లేదో తెలియని ఎడబాటు ఒకటి. తిరిగి వచ్చు దినము పంచాంగములో గుర్తు పెట్టబడియున్న ఎడబాటు మఱొకటి. ఈ రెండింటియందును కన్నీరు ఒక్కటే కావచ్చును. మనస్సు చేయు పని మాత్రము ఒక్కటి కాదు.

యక్షుని ప్రవాసము గడువు గలది. మొదటి శ్లోకముననే కవి ఆ శాపమును ‘వర్షభోగ్యము’ అనినాడు. రెండవ శ్లోకమున కొన్ని నెలలు గడచినవనినాడు. కావ్యాంతమున, శార్ఙ్గపాణి శేషశయనమునుండి లేచిన నాడు తన శాపము తీఱుననియు, మిగిలిన నాలుగు నెలలను కన్నులు మూసికొని గడుపుమనియు యక్షుని చేతనే ప్రియురాలికి చెప్పించినాడు. ఆదియందు మొత్తము, అంతమందు శేషము. కావ్యమంతయు ఈ రెండు సంఖ్యల నడుమ నిలిచియున్నది. ఒక సంవత్సరము పరదేశమున నుండి ఇంటికి మరలుటకు మనస్సును సిద్ధపఱచుకొనుచున్నవాని మాటలుగా దీనిని చదివినగాని ఉత్తరమేఘమునందలి పెక్కు విశేషములు మనకు అందవని నా అభిప్రాయము.

గడువు తెలిసిన ప్రవాసి పరదేశమున ఇల్లు కట్టుకొనడు. యక్షుడు రామగిరి ఆశ్రమములలో వసించెనని కవి బహువచనము వాడినాడు. ఒకచోట నిలువలేకపోవుట ఈ బహువచనముచే సూచితమనియు, ఇది ఉన్మాదావస్థయనియు మల్లినాథుడు వ్యాఖ్యానించినాడు. మొదటి మాట నిక్కము. రెండవదానిని గూర్చి తరువాత చెప్పెదను. సీతాదేవి స్నానములచే పవిత్రములైన జలములు, చల్లని నీడనిచ్చు చెట్లు ఆ కొండపై గలవు. అనగా ఆ చోటు నివాసయోగ్యమే. అయినను యక్షుడచ్చట తనదను నొక చెట్టును గాని, గుడిసెను గాని పేర్కొనలేదు. అలకలోని ఇంటి వాకిటనున్న చిన్న మందారమును మాత్రము మఱవలేదు. రామగిరి ఎచ్చటిదను చర్చ ఇచ్చట అప్రస్తుతము. మల్లినాథుడు చిత్రకూటమనినాడు, నాగపురమునకు సమీపమునందలి రాంటెక్ అని మిరాశీ మొదలగు ఆధునికులనిరి. ఎచ్చటిదైనను, యక్షునికది ఇల్లు కాని చోటు.

హనుమంతునిచే రాముడు సీతకు పంపిన సందేశమును మనస్సున నిడికొని కవి ఈ కావ్యమును రచించెనని యందురని మల్లినాథుడు పేర్కొనినాడు. యక్షపత్ని మేఘమును, మైథిలి హనుమంతుని వలె, తలయెత్తి చూచునని కావ్యముననే యున్నది గనుక ఇది నిరాధారము కాదు. అయితే సామ్యమును చూచినవారు భేదమును చూడవలసినంతగా చూడలేదు. అచ్చటను ఒక సంవత్సరము గడువే యున్నది. రావణుడు సీతకు పండ్రెండు నెలల గడువిచ్చినాడు. హనుమంతుడు లంకకు వచ్చునప్పటికి పదవ నెల నడచుచున్నది. రెండు నెలలే మిగిలినవి. తాను ఒక నెలకు మించి జీవింపనని సీత హనుమంతునితో చెప్పినది. ఆ గడువు తీఱినచో మరణము. కావున అచ్చట దూత తెచ్చిన వార్త కార్యమును త్వరపఱచును. ఆ వార్త చేతనే సేన కదలును, సేతువు కట్టబడును. మేఘసందేశమున గడువు తీఱినచో సమాగమము. దూత ఎంత వేగముగ పోయినను శాపము ఒక్క దినమైన తగ్గదు. ఎంత ఆలస్యము చేసినను ఒక్క దినమైన పెరుగదు. దౌత్యమువలన కార్యసిద్ధి యేమియు లేదు. ఉన్నదెల్ల ఇంటివారిని, తన్నును ఆ దినమునకు సిద్ధపఱచుటయే. వాల్మీకినుండి గ్రహించిన గడువును కాళిదాసు ఇట్లు తలక్రిందు చేసినాడు.

ఇక లెక్క మాట. యక్షుడు మేఘమును చూచినది ఆషాఢము మొదటి దినముననా, కడపటి దినముననా అనునది పాత వివాదము. క్రీ.శ. 10వ శతాబ్దికి చెందిన కాశ్మీరపండితుడు వల్లభదేవుడు ‘ప్రశమదివసే’ అని పఠించినాడు. ఆషాఢము ముగియు నాడని యర్థము. సంజీవనీకారుడైన మన మల్లినాథుడు ‘ప్రథమదివసే’ అను పాఠమును నిలిపినాడు. కొలచల మల్లినాథుడు తెలుగువాడు. మెదకు మండలములోని కొల్చారము ఆ యింటిపేరునకు మూలమని పరిశోధకులందురు. తెలుగుశాఖలో పనిచేయు మనకు ఈ వివాదమున సహజముగనే కొంత పక్షపాతముండును. దానిని ముందుగా ఒప్పుకొనుట మంచిది.

ప్రశమపాఠవాదుల యుక్తి ఇది. నాలుగవ శ్లోకమున శ్రావణము సమీపించుచున్నదని కవి అనినాడు. కావున ఆషాఢము ముగియవలెను. దీనికి మల్లినాథుని సమాధానము, ఆషాఢమునకు తరువాతి మాసము శ్రావణమే గదా, మాసమునకు మాసము సమీపమైన చాలును, మిక్కిలి సామీప్యముతో ఇచ్చట పని లేదు అని. పిదప లెక్కకు దిగినాడు. శాపాంతము ఉత్థానైకాదశి, అనగా కార్తిక శుద్ధ ఏకాదశి. ఆషాఢ శుద్ధ పాడ్యమి మొదలుకొని అంతవఱకు నాలుగు నెలల పది దినములు. ఆషాఢము కడపటి దినమునుండి యైనచో మూడు నెలల మీద పది పదునొకండు దినములు. యక్షుడన్నది నాలుగు నెలలు. ఈ పాఠమున పది దినములు ఎక్కువ, ఆ పాఠమున ఇరువది దినములు తక్కువ. కొలది వైషమ్యము కవికి వివక్షితము కాదు గనుక ప్రథమపాఠమే యుక్తమని మల్లినాథుని వాదసారము.

ఈ వాదమున ఒక విషయము చెప్పకయే అంగీకరింపబడినది. ఆషాఢము అమావాస్యతో ముగియుననుకొన్ననే ఇరువది దినముల లోపము వచ్చును. అది మన దేశపు అమాంతగణనము. ఉత్తరదేశమున మాసము పూర్ణిమతో ముగియును. ఆ గణనమున ఆషాఢము కడపటి దినము ఆషాఢపూర్ణిమ. అచ్చటినుండి కార్తిక శుద్ధ ఏకాదశికి నాలుగు నెలలకు నాలుగు దినములు మాత్రమే తక్కువ. ఆ గణనముననే మొదటి దినమును గ్రహించినచో, అది మన జ్యేష్ఠ బహుళ పాడ్యమి యగుటవలన, నాలుగు నెలల ఇరువదియాఱు దినములు, ఇంచుమించుగ అయిదు నెలలు అగును. కావున కాశ్మీరమున చదువువానికి ప్రశమపాఠమున లెక్క సరిపోయినట్లే తోచును; తెలుగునాట చదువువానికి ప్రథమపాఠమున సరిపోయినట్లు తోచును. వల్లభదేవుడు ఈ లెక్క కొఱకే ఆ పాఠమును గ్రహించెనని నేననుట లేదు. ఇరువురి దృష్టిలోను యక్షుని దినములు వారి వారి యింటి పంచాంగముతో సరిపోవుచున్నవని మాత్రమే చెప్పుచున్నాను.

ఇది హాస్యమున కన్న మాట కాదు. నేనొక విదేశ విశ్వవిద్యాలయమున ఒక సంవత్సరము తెలుగు బోధించి వచ్చితిని. వెడలునప్పుడు పెట్టెలో పెట్టుకొన్న పంచాంగము హైదరాబాదు సూర్యోదయమునకు గణింపబడినది. పడమటి దేశమున సూర్యోదయము మనకంటె ఎన్నియో గంటలు వెనుకబడియుండుటవలన ఇంటివద్ద రేపటిదైన తిథి అచ్చట ఒక్కొక్కసారి నేటిదగును. అచ్చటి తెలుగు కుటుంబములు కొన్ని ఆ దేశపు గణనమును, కొన్ని ఇంటి గణనమును పాటించుచుండెడివి. నేను ఇంటి గణనమునే పాటించితిని. శాస్త్రమేమి చెప్పునో విచారింపలేదు. ఇంటిలో ఏనాడు పండుగయో ఆనాడే నాకును పండుగ కావలెననిపించినది. కడపటి నాలుగు నెలలలో ఈ మేఘసందేశమును మఱల చదువుచు, ‘నాలుగు నెలలు’ అన్నచోట నిలిచిపోయితిని. యక్షుడు ఆ నాలుగును ఏ దినమునుండి లెక్కించినాడు? తాను చెప్పుచున్న దినమునుండియా, ఆమె వినబోవు దినమునుండియా?

పంచాంగముల వలన తెగని ఈ వివాదమును తెంచుటకు ఈ ప్రశ్నయే ఆధారమని నా తలంపు. నాలుగు నెలలను మాట యక్షుడు మేఘముతో తన మాటగా చెప్పినది కాదు. ప్రియురాలికి చెప్పవలసిన సందేశములోనిది. ఆమె చెవిని పడవలసిన మాట. పూర్వము దూరదేశమునుండి జాబు వ్రాయువారు ‘ఈ జాబు మీకందునప్పటికి’ అని మొదలుపెట్టి, చదువువారి దినమునుబట్టి లెక్కలు చెప్పెడివారు. యక్షుడును అట్లే చేసినాడు. మేఘము దారిలో ఆలస్యము చేయునని అతడెఱుగును. కొడిసెపూల పరిమళము గల కొండ కొండయందును కాలయాపన జరుగునని ముందే అనినాడు. ఆమ్రకూటమున విశ్రాంతి, విదిశకడ కొండపై మఱొక విశ్రాంతి, దారి వంకరయైనను ఉజ్జయినిని చూడక పోవలదను ప్రోత్సాహము, మహాకాళుని సంధ్యాపూజ వఱకు నిలువుమను వేడికోలు, అలసిన మెఱపుతో పావురములు నిద్రించు మేడపై ఆ రాత్రి గడుపుమను సలహా - ఇవన్నియు అతని నోటినుండి వచ్చినవే. ఇట్టి ప్రయాణమునకు పది దినములు ఎక్కువ కావు. ఆషాఢ శుద్ధ పాడ్యమినాడు బయలుదేరిన మేఘము ఏకాదశినాటికి అలక చేరినచో, అది శయనైకాదశి. విష్ణువు నిద్రకుపక్రమించు దినము. ఆ దినమునుండి ఉత్థానైకాదశికి సరిగా నాలుగు నెలలు. మల్లినాథుడు కొలది వైషమ్యమని విడిచిన పది దినములు మేఘుని ప్రయాణమునకు చెందినవి.

ప్రశమపాఠమున ఈ సామరస్యము కుదురదు. పూర్ణిమాంతముననే లెక్కించినను పంపునప్పుడే నాలుగు నెలలకు నాలుగు దినములు తక్కువ. చేరునప్పటికి ఇంకను తగ్గును. అనగా మిగిలియున్న దానికంటె ఎక్కువ కాలము మిగిలియున్నదని యక్షుడు భార్యకు చెప్పినట్లగును. ఓదార్పు కోరి పంపిన వార్త నిరీక్షణమును పొడిగించునా? అందును ఆమె లెక్క తెలియనిది కాదు. ఎడబాటు నాటినుండి గడప మీద పెట్టుచు వచ్చిన పూవులను నేలపై పఱచి, మిగిలిన నెలలను లెక్కించుచుండునని యక్షుడే ఊహించినాడు. అట్టి గృహిణికి తప్పు లెక్క పంపుట సాధ్యము కాదు. అమాంతము, పూర్ణిమాంతము రెండును ప్రాచీనములే గనుక కాళిదాసు దేశమును బట్టి ఈ విషయమును తేల్పనక్కఱలేదు. మాట ఎవరికొఱకు చెప్పబడినదో దానిని బట్టి తేల్పవచ్చును. మల్లినాథుని పాఠమే సరియైనది. ఆతడు చూపిన కారణము మాత్రము చాలదు.

ఇచ్చట ఉన్మాదావస్థను గూర్చిన మాట. ధూమము, జ్యోతి, సలిలము, గాలి కలిసిన మేఘమెక్కడ, సందేశమోయుటెక్కడ అని కవియే ప్రశ్నించి, కామార్తులు చేతనాచేతన భేదమెఱుగరని సమాధానము చెప్పినాడు గదా. దీనినిబట్టి యక్షుడు ఒడలెఱుగనివాడని మనము తీర్మానించుచుందుము. మేఘమును దూతగా నెన్నుకొనుటలో అతడు వివేకమును కోల్పోయిన మాట నిజమే. లెక్కలో కోల్పోలేదు. దారి చెప్పుటలో కోల్పోలేదు. కుబేరుని భవనమునకు తన యిల్లు ఏ దిక్కున నున్నదో తప్పక చెప్పినాడు. ఇల్లు చేరవలసినవాడు అన్నియు మఱచినను ఈ మూడింటిని మఱవడు. ఉన్మాదమనునది వ్యాఖ్యాత దశావస్థల పట్టికనుండి తెచ్చి అతికిన పేరు. కవి చిత్రించినది అంతకంటె సూక్ష్మమైన స్థితి.

ఆ యింటి వర్ణనమే నా వాదమునకు ముఖ్యాధారము. కుబేరభవనమునకు ఉత్తరమున ఇంద్రధనుస్సువంటి తోరణముతో దూరమునుండియే కనబడు ఇల్లు. భార్య కొడుకువలె పెంచిన బాలమందారము. చేతికందు గుత్తులతో వంగియున్నది. పచ్చల మెట్ల దిగుడుబావి. అందలి హంసలు మానససరస్సు సమీపముననే యున్నను దానిని తలంపవు. ఇంద్రనీలశిఖరము గల క్రీడాశైలము, చుట్టును బంగారు అరటులు. గోరంట పొదల కంచె గల మాధవీమండపము చెంత రక్తాశోకము, పొగడ. వాని నడుమ స్ఫటికఫలకముతో బంగారు కోల. సాయంకాలము దానిపై వ్రాలు నెమలిని ఆమె గాజులు మ్రోగ చప్పట్లు చఱచి ఆడించును. వాకిలి ప్రక్కల వ్రాసిన శంఖపద్మములు. ఈ గుర్తులను హృదయమున నిలుపుకొని ఇంటిని పోల్చుకొనుమని మేఘునితో చెప్పుచున్నాడు.

అలంకారశాస్త్రము చదివినవారు దీనిని ఉదాత్తవర్ణనమని తృప్తిపడుదురు. పచ్చలు, ఇంద్రనీలములు, బంగారములు ఉన్నవి గదా! కాని అలకలో పచ్చలకు, బంగారమునకు విశేషమేమున్నది? ఆ పట్టణమంతయు అట్టిదేయని అంతకుముందే వర్ణింపబడినది. ఇతర గృహములనుండి ఈ యింటిని వేఱు చేయునవి మందారపు మొక్క, నెమలి కోల, వాకిటి చిత్రములు. ఇవి దేవతల వైభవములు కావు. ఇల్లు విడిచి వెళ్లినవాడు మనస్సులో ఒక్కొక్కటిగా తడవిచూచుకొను వస్తువులు. అందును ఆ మందారము చిన్న చెట్టు. ఎనిమిది నెలల క్రింద చూచిన చిన్న చెట్టు ఇప్పుడెంత యున్నదో యక్షునికెట్లు తెలియును? చేతికి అందునన్నది తాను విడిచివచ్చిన నాటి ఎత్తు. నేను విదేశమున నుండగా మా వాకిటి కరివేప మొక్కను చరవాణి తెరపై చూపుమని మా అమ్మను కోరితిని. మొక్క కనబడినది గాని దాని ఎత్తు తెలియలేదు. పిదప ఆమెను దాని ప్రక్కన నిలువుమంటిని. దూరదర్శనసాధనములు పెరిగిన ఈ కాలముననే ఇట్లుండగా, యక్షుని మాట చెప్పవలెనా?

కవి ఈ సందేహమును ఎఱిగియే యున్నాడనుటకు నిదర్శనము వెంటనే కలదు. గుర్తులన్నియు చెప్పి ముగించుచు, తాను లేని ఆ యిల్లు ఇప్పుడు నిశ్చయముగా కాంతి తగ్గియుండునని, సూర్యుడు లేనిచో కమలము తన శోభను నిలుపుకొనజాలదని యక్షుడనినాడు. ఇంతవఱకు ఉన్నది ఉన్నట్లు చెప్పుచు వచ్చినవాడు ఇచ్చట మొదటిసారిగా ‘ఇప్పుడు’ అను మాటను, ‘నూనమ్’ అను మాటను వాడినాడు. విద్యార్థులు ఈ చోట గుర్తు పెట్టుకొని చదువవలెను. దీనికి ముందు చెట్టును, బావిని, కొండను గూర్చిన వాక్యములలో సందేహము లేదు. దీని తరువాత భార్యను గూర్చిన వాక్యములలో మన్యే, నూనమ్, తర్కయామి అనునవి వరుసగా వచ్చును. మంచు సోకిన పద్మినివలె ఆమె వేఱొక రూపమును పొందియుండునని తలంచుచున్నాననినాడు. తెలిసిన యింటినుండి తెలియని యింటికి దాటు గడప ఈ శ్లోకము. మేఘము ఆమెను గుర్తించుటకు చెప్పినట్లున్నను, ఆమె మాఱిన రూపమును చూచుటకు యక్షుడు తన కన్నులను సిద్ధపఱచుకొనుచున్నాడు.

భార్యయు అట్లే సిద్ధపడుచుండునని అతని ఊహ. ఆమె అతని చిత్తరువును వ్రాయును. విరహమున చిక్కినవానినిగా, తాను చూడని రూపమును మనస్సుచే ఊహించి వ్రాయును. ఇది చాల లోతైన భావము. వెడలిపోయిన నాటి భర్తను గాక, రాబోవు భర్తను ఆమె చిత్రించుచున్నది. మన నాయికలు చిత్తరువులు వ్రాయుట ప్రబంధములలో వేసరునంతగా కలదు. వారిలో ఒక్కతెయైనను నాయకుడు చిక్కియుండునని తలంచి కొంత సన్నముగా వ్రాసినట్లు నాకు గుర్తు లేదు. పంజరములోని గోరువంకను, నీకు యజమాని జ్ఞాపకమున్నాడా యని అడుగుట, వీణపై అతని పేరు గల పాట నెత్తికొని తానే కూర్చిన మూర్ఛనను మఱచుట - ఇవి అందఱును మెచ్చుకొనునవే గనుక విస్తరింపను. వీడిన దినమున కట్టిన ఏకవేణిని మాత్రము చెప్పవలెను. శాపాంతమున దానిని విప్పవలసినవాడను నేనని యక్షుడనినాడు. ఇల్లు చేరిన దినమున చేయవలసిన మొదటి పని అతనికి తెలిసియున్నది.

తిరిగి వచ్చువాని భయములలో లోకాపవాద మొకటి. దూరముననున్నవానిని గూర్చి ఊరివారు ఏదో ఒకటి అనుచునే యుందురు. అట్టి మాట విని తనను అవిశ్వసింపవలదని యక్షుడు వేడినాడు. అలకలో తన్ను గూర్చి ఎవరేమనిరో అతనికి తెలియదు. అనియుందురనుట మాత్రము తెలియును. అందులకే తమ ఇరువురికి తప్ప అన్యులకు తెలియని కలను ఆనవాలుగా పంపినాడు. ఒకనాటి రాత్రి ఆమె ఉన్నట్లుండి ఏడ్చుచు మేలుకొని, కారణమడుగగా లోలోపల నవ్వుచు, నీవు మఱియొకతెతో క్రీడించుచుండగా కలలో కంటినని చెప్పినది. ఆనవాలుగా దీనినే ఏల ఎన్నుకొనవలెను? రామాయణమున సీత ఇచ్చిన కాకాసురవృత్తాంతము రాముని రక్షణశక్తిని జ్ఞప్తికి తెచ్చును. ఇచ్చటి ఆనవాలు అనుమానమును గూర్చినది. అనుమానము కలయై, కల నవ్వై ముగిసిన సందర్భమది. అపవాదమును నమ్మవలదని చెప్పుటకు ఇంతకంటె తగిన ఆనవాలు లేదు. యక్షుడు రాకకు ముందే ఆ ప్రశ్నకు సమాధానము పంపినాడు.

నాలుగు నెలల పిదప ఏమి చేయుదురో కూడ చెప్పినాడు. శరత్కాలపు పండువెన్నెల రాత్రులలో ‘విరహగుణితము’లైన కోరికలన్నింటిని అనుభవింతమని మాట యిచ్చినాడు. గుణితమన్నచో హెచ్చింపబడినదని ఒక యర్థము, లెక్కింపబడినదని మఱొక యర్థము. మేఘమును చూచి బయలుదేరిన కావ్యము మేఘము లేని ఆకాశమును గూర్చిన మాటతో నెరవేఱుచున్నది. ఈ మేఘమంతయు కరగిపోయినగాని యక్షుడు ఇల్లు చేరడు.

కడపటిగా ఒక పాఠ్యవిషయము. మల్లినాథుడు వ్యాఖ్యానింపని కొన్ని శ్లోకములు కొన్ని ప్రతుల చివర కానవచ్చుచున్నవి. మేఘుడు చెప్పిన వార్తను కుబేరుడు విని, దయదలచి శాపమును వెంటనే తీర్చి దంపతులను కలిపెనని వాని సారాంశము. ఇవి ప్రక్షిప్తములని పండితులు ఏకగ్రీవముగా నిర్ణయించినను, శైలి తక్కువదనుటయే సాధారణముగ చెప్పబడు కారణము. శైలిని గూర్చిన వాదమున రుచిభేదముండవచ్చును. అంతకంటె దృఢమైన కారణము కావ్యములోనే యున్నది. ఈ శ్లోకములను అంగీకరించినచో ఆషాఢముననే శాపము తీఱును; ఉత్థానైకాదశి వ్యర్థమగును; గడపమీది పూవులు వ్యర్థమగును; పండువెన్నెలల మాట అసత్యమగును. ప్రక్షేపకుడు జాలిగుండె గలవాడే గాని, నిరీక్షణమును సహింపలేనివాడు. రామాయణములోని దూతవలె ఈ దూతయు ఏదో ఒక కార్యమును సాధింపవలెనని అతడు భావించినాడు. కాళిదాసు మేఘుడు ఏమియు సాధింపడు. నీకు మెఱపుతో క్షణమైనను ఎడబాటు కలుగకుండుగాక అని దీవించి, నీకిష్టమైన దేశములకు పొమ్మని యక్షుడు అతనిని విడుచును. తాను కొండమీదనే యుండును. పాఠ్యగ్రంథములుగా నిర్ణయింపబడిన ముద్రణములలో కొన్నిట ఆ శ్లోకములు మూలముతో కలిపి, వరుససంఖ్యలతో సహా అచ్చువేయబడుచున్నవి. వానిని అనుబంధమునకు మార్చుట మంచిది. పరీక్షాపత్రములలో ‘యక్షుని శాపవిమోచనమును వర్ణింపుము’ అను ప్రశ్న నేను రెండుమాఱులు చూచితిని.